‘మెరాక్’ అంటే కుతూహలమా, బెంగా? సామాజిక కుతూహలం స్కేల్‌ని తుర్కిష్‌లోకి తేవడం గురించి

విభాగం: మనస్తత్వ కొలతలు › అనువాదం, అనుసరణ

ప్రశ్నావళి

అందరికీ నమస్కారం. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త బ్రిట్టా రెన్నర్ 2006లో ప్రచురించిన సామాజిక కుతూహలం స్కేల్‌కి (ఇతర మనుషుల మీద మనకుండే ఆసక్తిని కొలిచే వాక్యాల జాబితా) తుర్కిష్ రూపం ఎలా తయారుచేయాలో మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

స్కేల్ చిన్నదే, పది వాక్యాలు. ఒక్కో వాక్యం ఎంత సమ్మతమో నాలుగు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఐదు ‘సాధారణ’ కుతూహలానివి: కొత్తగా పరిచయమైనవాళ్ల గురించి ఇంకా తెలుసుకోవాలనిపించడం, ఎదుటివాళ్ల అలవాట్ల మీద ఆసక్తి, అలాంటివి. మిగతా ఐదు ‘చాటు’ కుతూహలానివి: కిటికీ దగ్గర నిలబడి ఇరుగుపొరుగును గమనించడం, దీపం వెలుగుతున్న ఇళ్ల కిటికీల్లోకి చూడడం, రైల్లో పక్కవాళ్ల సంభాషణ వినడం, ఇతరుల సంభాషణ దేని గురించో తెలుసుకోవాలనుకోవడం, ఎవరైనా పోట్లాడుకుంటుంటే సంగతేమిటో తెలుసుకోవాలనుకోవడం.

తేలాల్సినవి ఇవి. అనువాదం ఏ క్రమంలో చేయాలి? చాటు వాక్యాలు తుర్కియేలో నిలబడతాయా? ఎంతమంది దగ్గర నింపించాలి, విశ్లేషణ ఎలా చేయాలి? తుర్కిష్ తెలిసినవాళ్లు, కొలతల పని తెలిసినవాళ్లు ఇద్దరూ చెప్పాలని కోరుతున్నాను.

కొలబద్ద

కలం పట్టకముందే తెమిలిపోవాల్సిన పనులు నాలుగున్నాయండీ.

మొదటిది, ఇప్పటికే ఎవరైనా చేశారేమో చూడడం. తుర్కియేలో ‘తోఆద్’ అనే కొలత సాధనాల సూచిక ఆన్‌లైన్లో ఉంది. అక్కడ ‘సోస్యాల్ మెరాక్’, ‘కిషిలెరారసి మెరాక్’ రెండు పేర్లతోనూ వెతకండి. ఇంగ్లిషు పొట్టిపేరు ఎస్‌సీఎస్‌తో మాత్రం వెతకొద్దు. క్రిస్టిన్ నెఫ్ స్వీయ కరుణ స్కేల్‌కీ అదే పొట్టిపేరు కాబట్టి ఆ వ్యాసాలన్నీ మీద పడతాయి. మీ రూపానికి పేరు పెట్టేటప్పుడూ ఇది గుర్తుంచుకోండి.

రెండోది అనుమతి. మూల రచయితకు ఈమెయిలు రాసి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ ఈమెయిల్లోనే మూల జర్మన్ వాక్యాలు కూడా అడగండి. వ్యాసం అచ్చయింది ఇంగ్లిషులో, స్కేల్ నింపినవాళ్లు మాత్రం జర్మన్ మాట్లాడేవాళ్లు. అంటే మీకు కనిపిస్తున్న ఇంగ్లిషు వాక్యమే ఒక అనువాదం. అనువాదం నుంచి అనువాదం చేస్తే మొదటిదాంట్లో జారిపోయినది మళ్లీ దొరకదు.

మూడోది ఎథిక్స్ కమిటీ. 2020 నుంచి టీఆర్ దిజిన్ అనే తుర్కియే జాతీయ సూచికలోని పరిశోధన పత్రికలు మనుషుల దగ్గర సమాచారం సేకరించిన వ్యాసాలకు కమిటీ అనుమతి వివరాలు తప్పనిసరిగా అడుగుతున్నాయి. 2016లో వచ్చిన 6698 నంబరు వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం సమాచార పత్రం కూడా విడిగా ఉండాలి.

నాలుగోది, స్కేల్ ఎందుకన్నది ముందే రాసిపెట్టుకోవడం. తుర్కియే లోపల వాడుకోవడానికే అయితే వాక్యాలు మార్చుకునే స్వేచ్ఛ ఎక్కువ. జర్మనీ స్కోర్లతో పోల్చాలనుకుంటే ప్రతి మార్పుకూ లెక్క చెప్పుకోవాలి. కింద వచ్చే తగాదాలన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడతాయి.

పదసంధి

అసలు చిక్కు స్కేల్ పేరులోనే ఉంది.

తుర్కిష్‌లో ‘మెరాక్’ అంటే కుతూహలం. దిగులు కూడా మెరాకే. ‘మెరాక్ ఎత్మె’ అని ఎవరైనా అంటే ‘కంగారుపడకు’ అని అర్థం, ‘కుతూహలపడకు’ అని కాదు. ఇంటికి ఆలస్యంగా వచ్చిన కొడుకుతో తల్లి ‘మెరాక్తాన్ ఓల్దుమ్’ అంటే ‘బెంగతో చచ్చిపోయాను’ అని. కాబట్టి ‘నేను మనుషుల్ని మెరాక్ చేస్తాను’ అన్న నమూనాలో వాక్యం రాస్తే, కొందరు ఆసక్తి గురించి జవాబిస్తారు, కొందరు అయినవాళ్ల క్షేమం గురించి జవాబిస్తారు. అప్పుడు ఆందోళన ఎక్కువున్నవాళ్లకు కుతూహలం స్కోరు పెరిగిపోతుంది. తర్వాత న్యూరోటిసిజంతో (దిగులు, ఆందోళనల వైపు మొగ్గే స్వభావంతో) సహసంబంధం కనిపిస్తే అది మనిషిదా, మాటదా అన్నది ఎవరూ తేల్చలేరు.

‘మెరాక్లి’ అన్న విశేషణానికి ఇంకో మెలిక ఉంది. పిల్లవాడి గురించి అంటే మెచ్చుకోలు. పక్కింటావిడ గురించి అంటే ‘అన్నీ ఆమెకే కావాలి’ అన్న విసుగు.

పాత మాట ‘తెజెస్సుస్’ ఉందిగా అని ఎవరైనా సూచిస్తారు. వద్దు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకు కూపీ లాగడం అన్న వాసన గట్టిగా ఉంది. కురాన్‌లో హుజురాత్ అధ్యాయం 12వ వాక్యం ఒకరి గుట్టు ఒకరు వెతకొద్దని చెప్పేది ఆ ధాతువుతోనే. ఆ మాట కనబడగానే చదివేవాళ్లు తప్పొప్పుల లెక్కలోకి వెళ్లిపోతారు.

ఇక ‘ఇల్గి’, అంటే ఆసక్తి. ఇది మంచి మాటే, క్రియ దగ్గర జాగ్రత్తపడాలి అంతే. మనుషులంటే ఆసక్తి అన్న వాక్యాన్ని ‘ఇన్సాన్‌లార్లా ఇల్గిలెనిరిమ్’ అని రాస్తే ‘మనుషుల బాగోగులు చూస్తాను, పట్టించుకుంటాను’ అన్న అర్థం ముందుకొస్తుంది. దుకాణంలో అమ్మకందారు కొనడానికొచ్చినవాళ్లతో ‘ఇల్గిలెనడం’ కూడా ఇదే క్రియ. ‘ఇన్సాన్‌లార్ ఇల్గిమి చెకెర్’, అంటే మనుషులు నా ఆసక్తిని లాగుతారు, అని రాస్తే ఈ గొడవ ఉండదు.

నా సలహా: పేరులో ‘సోస్యాల్ మెరాక్’ ఉండనివ్వండి, పరిశోధకులకు అదే తెలుసు. పది వాక్యాల్లో మాత్రం ‘మెరాక్’ మాట వీలైనంత తక్కువ రానివ్వండి. నింపేవాళ్లకిచ్చే కాగితం మీద స్కేల్ పేరు అసలు వేయొద్దు.

మేడిపండు

పదసంధి గారు చెప్పినదానికి తోడు ఇంకొకటి. అనువాదాన్ని మళ్లీ మూల భాషలోకి వెనక్కి తిప్పి చూశాం, మూలంతో సరిపోయింది అని రాసి ఊరుకునే వ్యాసాలు చాలా ఉంటాయి. అది ఎంత మోసం చేస్తుందో ఈ స్కేల్‌లోనే కనిపిస్తుంది.

ఇతరులు లోపల ఎలా ‘పనిచేస్తారో’ కనుక్కోవడం ఇష్టం అన్న భావంతో ఒక వాక్యం ఉంది. మనిషి మనసు ఎలా నడుస్తుందో అని దాని ఉద్దేశం. తుర్కిష్‌లో మాటకు మాట పెడితే ‘చలిష్మాక్’ క్రియ వస్తుంది. యంత్రం విషయంలో ఆ క్రియ నడవడమే, మనిషి విషయంలో ఉద్యోగం చేయడం. చదివినవాడికి ‘ఇతరులు ఆఫీసులో ఎలా పనిచేస్తారో చూడడం ఇష్టం’ అని అర్థమవుతుంది. మన తెలుగులో ‘ఎలా పనిచేస్తారో’ అని రాసినా ఇదే గతి.

ఇప్పుడు ఆ తుర్కిష్ వాక్యాన్ని ఇంగ్లిషులోకి తిప్పమంటే అచ్చంగా మూల వాక్యమే తిరిగొస్తుంది! ఇంగ్లిషులోనూ రెండర్థాలకూ ఒకే క్రియ మరి. పట్టిక చూసినవాళ్లు భేష్ అంటారు. తప్పు అలాగే లోపల ఉండిపోతుంది.

అందుకని వెనక్కి తిప్పడం ఒక్కటే చాలదు. 2000లో బీటన్ బృందం ఇచ్చిన క్రమం ఇప్పటికీ మంచిదే. స్కేల్ భావన తెలిసినవారొకరు, తెలియనివారొకరు విడివిడిగా తుర్కిష్‌లోకి తెస్తారు. ఇద్దరూ కూర్చుని రెండింటినీ ఒకటి చేస్తారు. మూలం చూడని ఇద్దరు వెనక్కి తిప్పుతారు. తర్వాత కమిటీ, ఆ తర్వాత 30 నుంచి 40 మందితో ముందస్తు పరీక్ష. చాలామంది ఎగ్గొట్టేది ఆఖరి అడుగే. ‘చలిష్మాక్’ లాంటిది పట్టుబడేదీ అక్కడే.

ఆ ముందస్తు పరీక్షలో ‘అర్థమైందా?’ అని అడగకండి. అందరూ అయిందనే అంటారు. ‘ఈ వాక్యం చదివినప్పుడు మీ కళ్ల ముందు ఏం కనిపించింది? ఒక సందర్భం చెప్పండి’ అని అడగండి. ఆఫీసు కనిపించిందని ఇద్దరు చెప్పినా వాక్యం మార్చాల్సిందే. ‘ఇన్సాన్‌లారిన్ నెదెన్ ఓయ్‌లె దావ్రాన్దిక్లారిని’, అంటే మనుషులు ఎందుకు అలా నడుచుకుంటారో అన్న దారి సురక్షితం. టాడ్ కాష్‌డన్ బృందం 2018లో తెచ్చిన ఐదు కోణాల కుతూహలం స్కేల్‌లో సామాజిక భాగం వాక్యం కూడా ఇలా ‘ఎందుకు’ వైపే ఉంది.

పదసంధి

మేడిపండు గారు మంచి ఉదాహరణ ఇచ్చారు. దానికి జతగా చాటు వాక్యాల్లో క్రియల సంగతి చెబుతాను. నా లెక్కన స్కేల్ బతికేదీ చచ్చేదీ ఇక్కడే.

వినడానికి సంబంధించి తుర్కిష్‌లో మూడు మెట్లున్నాయి. ‘కులాక్ మిసాఫిరి ఓల్మాక్’, మాటకు మాట ‘చెవి అతిథి కావడం’. తెలుగులో ‘చెవిన పడింది’ అంటామే, అదే. ఇందులో తప్పేమీ లేదు, ఎవరైనా ఒప్పేసుకుంటారు. రెండోది ‘కులాక్ కబార్త్మాక్’, ఇది మన ‘చెవులు రిక్కించడం’. మూడోది ‘గిజ్లిజె దిన్లెమెక్’, చాటుగా వినడం. దీన్ని ఒప్పుకునేవాళ్లు బహు తక్కువ.

మొదటిది పెడితే వాక్యం మరీ తేలికైపోతుంది, అందరూ ఔనంటారు. పైగా అనుకోకుండా వినబడటాన్ని ‘ఇష్టం’ అనడం అతకదు. మూడోది పెడితే అందరూ కాదంటారు. రెండు విధాలా మనిషికీ మనిషికీ తేడా తేలదు. మూలంలో ఉన్నది ఉత్త ‘వినడం’, తిట్టూ లేదు, సాకూ లేదు. కాబట్టి ఉత్త ‘దిన్లెమెక్’ చాలు.

చూడడానికీ అంతే. ‘బక్‌మాక్’ చూడడం. ‘సెయ్‌రెత్మెక్’ తీరిగ్గా, సరదాగా చూడడం. ‘ఇజ్లెమెక్’ టీవీ చూడడానికి వాడేది, వెంట గమనిస్తూ ఉండడానికీ వాడతారు. ‘గోజెత్లెమెక్’ అంటే పొంచి చూడడం. పక్కింటివాళ్ల వాక్యంలో ‘గోజెత్లెమెక్’ పెట్టారంటే అది నేరం ఒప్పుకోమన్నట్టు ఉంటుంది. ‘పెంజెరెదెన్ బక్‌మాక్’ దగ్గరే ఆగండి.

‘ఇష్టం’ అన్న ముక్క ‘సెవెరిమ్’ అని రాయొచ్చు, ‘హోషుమా గిదెర్’ అని కూడా రాయొచ్చు. రెండోది మన ‘నాకు నచ్చుతుంది’లా కాస్త మెత్తగా ఉంటుంది. చాటు వాక్యాలకు ఇది నప్పుతుంది. ఏది ఎంచుకున్నా పది వాక్యాల్లోనూ అదే ఉంచండి. సాధారణ ఐదింటికి ఒకటీ, చాటు ఐదింటికి ఇంకొకటీ వాడితే రెండు ఫ్యాక్టర్లు (జవాబుల్లో కలిసి నడిచే వాక్యాల గుంపులు) మాటల వల్లే విడిపోయినట్టు కనిపిస్తాయి.

కాలం కూడా చూసుకోవాలి. అలవాటుకు ‘సెవెరిమ్’, ప్రస్తుతానికి ‘సెవియోరుమ్’. మనకు ‘చూస్తాను’, ‘చూస్తున్నాను’ ఉన్నట్టే. స్వభావం కొలుస్తున్నాం కనుక మొదటి రూపమే ఉండాలి. ఒక్క తలనొప్పి తప్పుతుంది: తుర్కిష్‌లో అతడు, ఆమె అన్న తేడా లేదు, ‘ఓ’ ఒక్కటే. ఇంగ్లిషులో పడ్డ ఆ అవస్థ ఇక్కడ ఉండదు.

ప్రశ్నావళి

చాలా ఉపయోగపడింది. మరి రైలూ, వెలుగుతున్న కిటికీలూ? వాటిని అలాగే ఉంచాలా?

తూర్పుగాలి

రైలు మార్చక తప్పదని నా అభిప్రాయం. తుర్కియేలో ఊరినుంచి ఊరికి జనం ఎక్కువగా వెళ్లేది బస్సులో. ఇస్తాంబుల్లో అయితే 2007 నుంచి మెట్రోబస్, 2013 నుంచి మర్మరాయ్ నగర రైలు, వాటితోపాటు ఫెర్రీలు, దోల్ముష్‌లు (షేర్ వ్యాన్లు). తూర్పున చిన్న పట్టణంలో ఉన్నవాళ్లు రైలెక్కి ఏళ్లవుతుండొచ్చు. వాళ్లు ‘కాదు’ అని టిక్కు పెడితే అది కుతూహలం లేకనా, రైలెక్కకనా? ‘తోప్లు తాషిమా’, అంటే ప్రజా రవాణా అన్నది కచ్చితమైన మాటే కానీ ఆఫీసు కాగితం భాష. ‘ఓతోబూస్తె’, బస్సులో, అంటే అందరికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

కిటికీ సంగతి ఇంకా లోతైనది. తుర్కియే ఇళ్లలో కిటికీకి పల్చటి ‘తుల్’ తెర ఎప్పుడూ దించే ఉంటుంది, రాత్రి దాని మీద మందపాటి తెర కూడా లాగుతారు. బయటనుంచి వెలుగు కనిపిస్తుంది, మనుషులు కనిపించరు. పైగా జనం ఎక్కువగా ఉండేది అపార్ట్‌మెంట్లలో. నాలుగో అంతస్తు కిటికీలోకి వీధినుంచి ఏం చూస్తారు?

పక్కింటివాళ్లను గమనించడంలో ఇంకో సంగతి ఉంది. ‘ఎవ్ ఆల్మా, కొమ్షు ఆల్’ అని సామెత: ఇల్లు కొనకు, పొరుగును కొనుక్కో అని. వృద్ధురాలైన పొరుగామె కిటికీ తెర పొద్దున తీయకపోతే కంగారుపడటం మంచి పొరుగు లక్షణం. ఇంకోవైపు వాడకట్టు కళ్లన్నీ తన మీదే ఉన్నాయన్న ఒత్తిడి. దాన్ని సమాజ శాస్త్రవేత్త షెరీఫ్ మార్దిన్ ‘మహల్లె బస్కిసి’ (వాడకట్టు ఒత్తిడి) అన్నారు, 2007లో ఆ మాట మీద దేశమంతా చర్చ జరిగింది. ఒకే వాక్యాన్ని ఒకరు ఆప్యాయతగా చదువుతారు, ఒకరు నిఘాగా చదువుతారు. ముందస్తు పరీక్షలో ఈ వాక్యం మీద ఎక్కువసేపు గడపండి. విద్యార్థులే కాకుండా యాభై దాటినవాళ్లు, పెద్ద నగరాల్లో లేనివాళ్లు అందులో ఉండాలి.

కొలబద్ద

తూర్పుగాలి గారి వివరాలన్నిటితో ఏకీభవిస్తాను, కానీ కిటికీ వాక్యం తీసేయడానికి ఒప్పుకోను.

రైలు బస్సవడం సందర్భం మారడమే, చేసే పని మారలేదు. కాష్‌డన్ బృందం 2018 స్కేల్‌లోనైతే రైలు ఊసే లేకుండా, జనం మధ్య ఉన్నప్పుడు వాళ్ల మాటలు వినడం అని రాశారు. కిటికీ వాక్యం తీసేస్తే మాత్రం చాటు ఫ్యాక్టర్‌లో చూపుకు సంబంధించినది ఒక్కటే మిగులుతుంది, తక్కినదంతా చెవి. భావన ఒక పక్కకు ఒరిగిపోతుంది.

చేయాల్సింది, రెండు రూపాలూ పైలట్‌లో, అంటే చిన్న ప్రయోగంలో, పెట్టడం. మూలానికి దగ్గరగా ఒకటి, స్థానికంగా మలిచింది ఒకటి: ‘దారిలో వెళుతూ తెర తీసి ఉన్న ఇళ్లలోకి చూపు పోనివ్వడం’ లాంటిది. దేనికి జవాబులు నాలుగు గడుల్లోనూ పరుచుకున్నాయో చూసి అది ఉంచండి. ఏది ఎందుకు మార్చారో ఒక పట్టికలో రాసి వ్యాసానికి జత చేయండి. అంతర్జాతీయ పరీక్షల కమిషన్ 2017 మార్గదర్శకాలు కూడా మార్పుల నమోదు అడుగుతాయి.

‘అప్పుడప్పుడు’ అన్న మాట గురించి కూడా. కిటికీ దగ్గర నిలబడే వాక్యంలో అది ఉంది. రోజూ నిలబడేవాడు ‘అప్పుడప్పుడు కాదే’ అని అసమ్మతి పెట్టే ప్రమాదం ఉంది. పోల్చే ఉద్దేశం లేకపోతే తుర్కిష్‌లో దానికి వచ్చే ‘ఆరా సిరా’ తీసేయండి. పోల్చాలంటే ఉంచి, ముందస్తు పరీక్షలో దాని మీద విడిగా అడగండి.

గుణకం

జవాబు గడుల గురించి ఎవరూ వివరంగా అనలేదు. మూలంలో నాలుగు గడులు, మధ్యలో తటస్థం లేదు. ఐదు గడుల అలవాటు కొద్దీ మధ్యలో ‘కరార్సిజిమ్’ అని చేరుస్తుంటారు. ఆ మాటకు అర్థం ‘తేల్చుకోలేకపోతున్నాను’, ‘ఇటూ కాదు అటూ కాదు’ అని కాదు. చాటు వాక్యాలకు ఒప్పుకోవడానికి మొహమాటపడేవాళ్లంతా ఆ గడిలో తలదాచుకుంటారు. నాలుగే ఉంచండి.

తిరగేసిన వాక్యాలు (ఇష్టం లేదన్న అర్థంలో రాసినవి) కూడా చేర్చొద్దు. మూలంలో లేవు. పైగా తుర్కిష్‌లో వ్యతిరేకం క్రియ లోపల చిన్న ముక్క: ‘సెవెరిమ్’ ఇష్టం, ‘సెవ్మెమ్’ ఇష్టం లేదు. మనకు ‘చేస్తాను’, ‘చేయను’ లాగే. గబగబా చదివేవాడి కంటికి ఆనదు. అలా పొరబడ్డ జవాబులన్నీ కలిసి మూడో ఫ్యాక్టర్‌గా తేలతాయి.

ప్రశ్నావళి

నిపుణుల కమిటీకి పది మందిని అనుకుంటే లాషీ పద్ధతి (వాక్యం అవసరమని నిపుణుల్లో ఎంతమంది అన్నారో లెక్కగట్టడం) సరిపోతుందా?

కొలబద్ద

సరిపోతుంది, అంకగణితం ముందే చూసుకోండి. ‘అవసరం’ అన్నవాళ్ల సంఖ్యలోంచి మొత్తంలో సగం తీసి, ఆ సగంతో భాగించాలి. పదిమందిలో 8 మంది అవసరమంటే (8−5)÷5 = 0.60. లాషీ 1975 పట్టికలో పదిమందికి కనీసం 0.62 కావాలి. అంటే ఎనిమిది మంది ఒప్పుకున్నా వాక్యం తప్పుతుంది, 9 మంది కావాలి.

అయితే ఈ సంఖ్యతో వాక్యం తీసేయకండి. స్కేల్ కొత్తగా కడితే అలా తీయొచ్చు. ఇక్కడ వాక్యాలు ముందే ఉన్నాయి, నిపుణుల్ని అడగాల్సింది ‘తుర్కిష్ వాక్యం అదే సంగతి చెబుతోందా’ అని. తక్కువ వస్తే మళ్లీ రాయాలి. కమిటీలో అందరూ మనస్తత్వ శాస్త్రం వాళ్లే అయితే ‘చలిష్మాక్’ లాంటివి ఎవరికీ కనబడవు. తుర్కిష్ భాషా బోధకులు ఇద్దరైనా ఉండాలి.

గుణకం

ఇప్పుడు లెక్కల దగ్గరికి.

వాక్యానికి పదిమంది అన్న సూత్రంతో వంద మంది దగ్గర ఆగిపోవద్దు. నాలుగు గడుల జవాబుల్ని క్రమ శ్రేణిగా (వరుస ఉంది, గడుల మధ్య దూరం సమానమని అనుకోకుండా) తీసుకుని విశ్లేషించాలి, దానికి 300 కంటే తక్కువుంటే అంచనాలు ఊగుతాయి. చాటు వాక్యాల్లో ‘పూర్తిగా సమ్మతం’ గడి దాదాపు ఖాళీగా ఉండే అవకాశం ఎక్కువ. ఎదురుగా మనిషి కూర్చుని అడిగితే ఇంకా ఖాళీ. స్వయంగా, పేరు లేకుండా నింపనివ్వండి.

ఫ్యాక్టర్ నిర్మాణం ముందే తెలుసు కాబట్టి నిర్ధారక విశ్లేషణతో (ఆ నిర్మాణం డేటాలో ఉందా అని చూడడంతో) మొదలుపెట్టండి. అన్వేషక విశ్లేషణ (నిర్మాణాన్ని డేటాలోంచే వెతకడం) కూడా కావాలనుకుంటే వేరే శాంపిల్ మీద చేయాలి. ఒకే డేటా మీద మొదట వెతికి, దొరికినదాన్నే మళ్లీ దాని మీదే నిర్ధారించామనడం ఎక్కువగా కనిపించే తప్పు.

సాఫ్ట్‌వేర్ ఏదైనా, ఆర్‌లో లవాన్ అయినా, లిజ్రెల్ అయినా, గడుల జవాబులకు తగిన పాలికోరిక్ సహసంబంధాలతో కర్ణ భారిత కనిష్ఠ వర్గాల అంచనా (డీడబ్ల్యూఎల్‌ఎస్) ఎంచుకోండి. పది వాక్యాలు, సహసంబంధమున్న రెండు ఫ్యాక్టర్లు అయితే స్వేచ్ఛా పరిమాణాలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 34 రావాలి. ఇంకేదైనా వస్తే నమూనా రాయడంలో పొరపాటుందన్నమాట, అక్కడే ఆగి చూసుకోండి. ఒకే ఫ్యాక్టర్ నమూనా (35) కూడా నడిపి పోల్చండి. నమూనా డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే సూచికలకు హూ, బెంట్లర్ 1999లో చెప్పిన హద్దులు సీఎఫ్‌ఐ 0.95, ఆర్‌ఎంఎస్‌ఈఏ 0.06, ఎస్‌ఆర్‌ఎంఆర్ 0.08 చుట్టుపక్కల. అవి వేరే రకం అంచనాకు కట్టినవి. క్రమ శ్రేణి డేటాలో సీఎఫ్‌ఐ ఊరికే ఎక్కువగా రావొచ్చు, దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి.

తప్పకుండా ఎదురయ్యేది ఒకటుంది. కిటికీ మాట రెండు వాక్యాల్లో ఉంది. సంభాషణ మాట కూడా రెండింట్లో. ఈ జతల దోష సహసంబంధాలు (ఫ్యాక్టర్ వివరించలేని మిగులు పోలిక) నమూనాలో చేర్చమని సాఫ్ట్‌వేర్ సూచిస్తుంది. ఆ రెండు జతలూ చేర్చొచ్చని విశ్లేషణకు ముందే రాసిపెట్టుకుంటే నిజాయితీగా ఉంటుంది (అప్పుడు 32). సూచన వచ్చిందని సాధారణ వాక్యాన్నీ చాటు వాక్యాన్నీ ముడిపెట్టడం మాత్రం చేయకండి. రెండు కుతూహలాలు వేరని చెప్పడానికే ఈ స్కేల్ ఉంది.

ప్రశ్నావళి

చాటు భాగానికి ఆల్ఫా (వాక్యాల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) 0.70 కిందికి వస్తే ఏం చేయాలి? పత్రికలు తిప్పి పంపుతాయని భయం.

గుణకం

ఐదు వాక్యాల ఆల్ఫా ఎలా పుడుతుందో చూస్తే భయం సగం పోతుంది. వాక్యాల మధ్య సగటు సహసంబంధం 0.30 అయితే ఆల్ఫా 1.5÷2.2, అంటే 0.68. 0.35 అయితే 1.75÷2.4, అంటే 0.73. అంత చిన్న తేడా ఇది. దానికోసం ఒకే అర్థమున్న ఆరో వాక్యం చేర్చడం స్కేల్‌ని పాడుచేయడమే. అలాంటిదే అయిన క్రమ శ్రేణి ఒమేగా కూడా ఇవ్వండి, మూడు వారాల తర్వాత 50 మందికి పైగా మళ్లీ నింపించి స్థిరత్వం చూపండి. జతపరచడానికి పేర్లు వద్దు. తుర్కియేలో అందరికీ తెలిసిన ‘రుముజ్’ పద్ధతి ఉంది, మారుపేరు ఒకటి ఎంచుకోమనడం. రెండోసారి మర్చిపోతారు కాబట్టి తల్లి పేరులో మొదటి రెండక్షరాలు, పుట్టిన రోజు అంకె కలిపి రాయమనండి.

స్కోరులో పై 27 శాతం, కింది 27 శాతం మందిని టీ పరీక్షతో పోల్చడం తుర్కిష్ వ్యాసాల్లో ఆనవాయితీ. సమీక్షకులు అడుగుతారు కాబట్టి ఇవ్వండి, కానీ అది దాదాపు ఎప్పుడూ నెగ్గే పరీక్ష. అసలు చూడాల్సింది వాక్యానికీ మిగతా మొత్తానికీ ఉన్న సహసంబంధం, 0.30 పైన ఉందా అని.

మేడిపండు

సప్రమాణత (స్కేల్ కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అన్నది) విషయంలో రెండు భాగాలకూ వేర్వేరు అంచనాలు ముందుగానే రాసుకోండి. సాధారణ భాగం బహిర్ముఖత్వంతో, కొత్తదనం పట్ల సుముఖతతో కలిసి నడవాలి. చాటు భాగం ‘దెదికొదు’ (గాసిప్) పట్ల ధోరణితో ఎక్కువ కలవాలి. హార్టుంగ్, రెన్నర్ 2013లో సామాజిక కుతూహలాన్నీ గాసిప్‌నీ పక్కపక్కన పెట్టి రెండూ దగ్గరివేకానీ ఒకటి కాదని చూపారు. కాబట్టి సహసంబంధం ఉండాలి, మరీ ఎక్కువ ఉండకూడదు.

సామాజిక ఆమోదం కొలిచే చిన్న స్కేల్ ఒకటి జతచేయడం మర్చిపోవద్దు. దానితో చాటు భాగం గట్టిగా వ్యతిరేక దిశలో నడిస్తే పదసంధి గారు హెచ్చరించిన క్రియల దగ్గరికి తిరిగి వెళ్లాలి.

తూర్పుగాలి

జర్మనీ స్కోర్లతో పోల్చాలనుకునేవారికి ఒక మాట. జర్మనీలో తుర్కియే మూలాలున్నవాళ్లు దాదాపు ముప్పై లక్షల మంది. రెండు భాషలూ వచ్చినవాళ్లు దొరుకుతారని అక్కడికి పరుగెత్తకండి. వాళ్ల తుర్కిష్‌లో జర్మన్ మాటల తీరు కలిసి ఉంటుంది, మూలానికి దగ్గరగా ఉన్న వాక్యం వాళ్లకు సహజంగానే అనిపిస్తుంది, అంకారాలో ఉన్నవాళ్లకు అనిపించదు.

రెండు రూపాల్నీ ఒకరి చేతే రెండు వారాల తేడాతో నింపించి సహసంబంధం చూపడం కూడా వాడుకలో ఉంది. ఎక్కువగా ఇంగ్లిషు విభాగం విద్యార్థులతో చేస్తారు. అది తోడు సాక్ష్యం మాత్రమే. ఇంగ్లిషు వాక్యం గుర్తుండి దాన్నే తుర్కిష్‌లో చదివేసేవాళ్లు అందులో ఉంటారు. దేశాల మధ్య సగటులు పోల్చాలంటే కొలత సమానత (రెండు చోట్లా స్కేల్ ఒకేలా కొలుస్తోందన్న రుజువు) మూడు మెట్లూ ఎక్కాలి: నిర్మాణం, భారాలు, ప్రారంభ విలువలు. రైలును బస్సు చేసిన వాక్యానికి మూడో మెట్టు దగ్గర సడలింపు ఇవ్వాల్సి వస్తే ఆశ్చర్యపోవద్దు. ఆ ఒక్కదానికే ఇచ్చి, ఇచ్చామని రాయండి.

నిదానం (నిర్వాహకులు)

ఇంతమంది ఇంత వివరంగా రాశారు. డేటా ఫైలు గురించి ఒక చిన్న సంగతి చేర్చి ఈ చర్చను పై వరుసలో పిన్ చేస్తున్నాను.

తుర్కిష్ అక్షరమాలలో చుక్కున్న ‘ఐ’, చుక్క లేని ‘ఐ’ రెండు వేర్వేరు అక్షరాలు. కంప్యూటర్ తుర్కిష్ అమరికలో ఉంటే, చిన్న బడి చుక్క ‘ఐ’ని పెద్ద అక్షరం చేసినప్పుడు చుక్కతోనే పెద్దదవుతుంది, మామూలు ఇంగ్లిషు ‘ఐ’ కాదు. ‘ఐటెమ్1’ అని ఇంగ్లిషులో పేరు పెట్టిన నిలువు వరుసను ప్రోగ్రామ్ ఒక చోట పెద్ద అక్షరాల్లోకి మార్చి, ఇంకో యంత్రంలో వెతికితే దొరకదు. నిలువు వరుసలకు ‘ఐ’ లేని పేర్లు పెట్టండి: ‘ఎమ్01’ నుంచి ‘ఎమ్10’ దాకా. తుర్కిష్‌లో ప్రశ్నావళి వాక్యాన్ని ‘మద్దె’ అంటారు కాబట్టి అక్కడివాళ్లకూ అర్థమవుతుంది.

దశాంశానికి అక్కడ చుక్క కాదు, కామా. ఫైలు సేవ్ చేస్తే గడుల మధ్య సెమికోలన్ పడుతుంది. మన అమరికతో తెరిస్తే అడ్డవరుస మొత్తం ఒకే గడిలోకి వచ్చేస్తుంది, లేదా సంఖ్యలు అక్షరాలుగా చదవబడతాయి. ఫైలు యూటీఎఫ్-8లో దాచి, తెరిచేటప్పుడు విభజన గుర్తు, దశాంశ గుర్తు రెండూ విడిగా చెప్పండి. మొదటి పది మంది జవాబుల్ని కాగితంతో సరిచూశాకే ముందుకు వెళ్లండి.

ప్రశ్నావళి

అందరికీ ధన్యవాదాలు. ‘పెంజెరెదెన్ బక్‌మాక్’తో ఒకటి, తెర తీసి ఉన్న ఇళ్లతో ఒకటి, రెండు రూపాలూ పైలట్‌లోకి వెళుతున్నాయి. బస్సు ఖాయం. మూల జర్మన్ వాక్యాలు చేతికి అందాక, ‘ఎలా పనిచేస్తారో’ వాక్యానికి వచ్చిన మూడు అనువాదాల్నీ ఇక్కడే పెడతాను. పదసంధి గారు, మేడిపండు గారు చూసిపెట్టాలి.

పదసంధి

తప్పకుండా పెట్టండి. ముందస్తు పరీక్షలో ఆ వాక్యానికి వాళ్లు చెప్పిన సందర్భాలు కూడా, వాళ్ల మాటల్లోనే, జతచేయండి.